నూటికి తొంభై ఏడు విశ్వాసం

పునీత బర్తొలొమయి విశ్వవిద్యాలయం కతోలిక శ్రీసభ బోధనకు కట్టుబడి ఉందా లేదా అన్న ప్రశ్న ఒక చికెన్ పఫ్ వల్ల పుట్టింది.

తపస్సుకాలంలో ఒక శుక్రవారం నాడు, సీట్ల సంగతి కనుక్కుందామని వచ్చిన రిటైర్డ్ తహసీల్దారు ఒకాయన క్యాంటీన్‌లో పఫ్ కొనుక్కుని తిన్నారు. ఆ రోజున మాంసం ముట్టకూడదని ఆయనకు తెలుసు. అది చికెన్ పఫ్ అని మాత్రం రెండోది కూడా తిన్నాక గాని తెలియలేదు. ఇంటికి వెళ్ళి మేత్రాణుల వారికి, అంటే బిషప్ గారికి, నాలుగు పేజీల ఉత్తరం రాశారు. చివరి వాక్యం ఇది: "ఇంతకూ ఈ విశ్వవిద్యాలయం మన శ్రీసభదేనా?"

మేత్రాణుల వారు ఆ ఉత్తరం అంచున "దయచేసి చూడగలరు" అని రాసి వైస్ ఛాన్సలర్‌కు పంపారు. క్యాంటీన్ సంగతి చూడమని ఆయన ఉద్దేశం కావచ్చు. కానీ వైస్ ఛాన్సలర్ ఫాదర్ స్తనిస్లాస్ గారు చిన్న పనులు చేసే మనిషి కాదు. ఆయనకు రెండు డాక్టరేట్లు ఉన్నాయి, ఒకటి దైవశాస్త్రంలో, ఇంకొకటి మేనేజ్‌మెంట్‌లో. మొదటిది గోడకు వేలాడుతూ ఉంటుంది, రెండోది వాడుకలో ఉంటుంది. ఆయన సిబ్బందిని సమావేశపరచి, కొలవలేని విశ్వాసం విశ్వాసమే కాదని, కొలిస్తేనే పెంచగలమని, కనుక విశ్వవిద్యాలయపు విశ్వాసాన్ని నూరు మార్కులకు కొలిచి తీరుతామని ప్రకటించారు. బయటి నుంచి తనిఖీ బృందం వస్తుందని, ఆ లోపల ప్రతి శాఖా తన విశ్వాసాన్ని ఆధారాలతో సహా సమర్పించాలని సర్క్యులర్ వచ్చింది. శాఖలకు మార్కులు వేయటానికి ఒక కమిటీ, ఈ పనంతా చూడటానికి ఒక విశ్వాస అధికారి కావలసి వచ్చారు.

గాదె చౌరయ్య మాస్టారు ఆ యూనివర్సిటీలో ఇరవై రెండేళ్ళుగా నైతిక విద్య చెబుతున్నారు. గురువారం ఆఖరి పీరియడ్. ఆ సబ్జెక్టు మార్కులు ఎక్కడా కలవవు గనక పిల్లలు ఆ గంటలో రికార్డులు రాసుకునేవాళ్ళు. చౌరయ్య ఏమీ అనేవారు కాదు. ఆయన తండ్రి ఉపదేశి. సైకిలు మీద పల్లెలు తిరిగి, పొలాల్లోంచి వచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి జపాలు నేర్పినవాడు. వినేవాళ్ళు కునుకు తీస్తుంటే చెప్పటం ఆ ఇంట్లో అలవాటైన విద్యే. చౌరయ్యకు విశ్వాసం ఉంది. ఉన్నదని ఎవరికీ చెప్పుకోవలసిన అవసరం యాభై ఒకటో ఏడు దాకా రాలేదు.

విశ్వాస అధికారిగా వేసినట్టు కాగితం చేతికందగానే ఆయన నేరుగా గుడికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఇన్నేళ్ళకు ఎవరో ఒకరు అసలు ప్రశ్న అడిగారని ఆయనకు నిజంగానే సంతోషం కలిగింది. శ్రీసభ ఏం చెబుతోంది, మనం ఏం చేస్తున్నాం అని పక్కపక్కన పెట్టి చూసుకుందామనుకున్నారు. ఈ ఉద్యోగాన్ని అలా అర్థం చేసుకున్నది ఆ ప్రాంగణం మొత్తం మీద ఆయన ఒక్కరే.

నెల తిరిగేసరికి శాఖల నివేదికలు వచ్చి పడ్డాయి. అన్నిటికంటే ముందు గణితశాఖ నుంచి వచ్చింది. ఆ శాఖాధిపతి వఝల సూర్యనారాయణ గారు రోజూ సంధ్యావందనం చేసుకునే మనిషి. "మా శాఖలో త్రిభుజము ప్రధానముగా బోధింపబడుచున్నది. భుజములు మూడైననూ ఆకారము ఒక్కటే అగుట గమనార్హము" అని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. అందులో త్రిత్వం కనబడిందని కమిటీ పదికి పది వేసింది. అంతటితో ఊరుకోక, చతుర్భుజాన్ని ఐచ్ఛికాంశంగా మార్చింది. ఆ ఏడు సివిల్ ఇంజనీరింగ్ పిల్లలు గీసిన ఇంటి ప్లానుల్లో నాలుగు మూలల గది ఒక్కటీ లేదు.

జంతుశాస్త్రం దగ్గర పేచీ వచ్చింది. పరిణామవాదం చెప్పవచ్చా కూడదా అని. దాని మీద శ్రీసభకు ఏ తగాదా లేదని చౌరయ్య వినయంగా మనవి చేశారు.

"శ్రీసభకు లేకపోవచ్చు మాస్టారూ. కమిటీకి ఉంది" అన్నారు రిజిస్ట్రార్ ఫాతిమా రెడ్డి గారు. ఫాతిమా మాతకు మొక్కుకుంటే పుట్టాడని తల్లి పెట్టుకున్న పేరది. మనిషి ఆరడుగులు, మీసం గుబురుగా ఉంటుంది. చివరకు, పరిణామ క్రమమును కోతి వరకు బోధించి అచ్చట నిలుపుదల చేయవలెనని తీర్మానించారు.

బ్లాకుకొక లూర్దుమాత గుహ, అంటే మేరీమాత బొమ్మ పెట్టే రాతిగుహ, కడితే గుహకొక మార్కు అన్నారు. ఎండాకాలం సెలవుల్లో పదకొండు గుహలు లేచాయి. మెకానికల్ బ్లాకులో చోటు చాలక అగ్నిప్రమాదం వస్తే బయటపడే దారికి అడ్డంగా కట్టారు. అగ్నిమాపక శాఖ వారు అభ్యంతరం చెబితే, ప్రమాద సమయమున విద్యార్థులు గుహ వద్ద ప్రార్థించవలెనని ఫైలులో రాసుకున్నారు. కంప్యూటర్ల పాస్‌వర్డులన్నీ పునీతుల పేర్లయ్యాయి. అందరికీ నోరు తిరిగే పునీతులు ఓ పదిమందే గనక ఎవరి కంప్యూటరైనా ఎవరైనా తెరవగలిగే సౌభ్రాతృత్వం ఏర్పడింది. క్యాంటీన్ యజమాని బోర్డు మీద చికెన్ అన్న మాట చెరిపేసి ఉత్త పఫ్ అని ఉంచాడు. లోపలిది మారలేదు.

చౌరయ్య ఇవన్నీ రిజిస్టరులో ఎక్కించారు. ఒకసారి వైస్ ఛాన్సలర్ గారితో, పేదల గురించి శ్రీసభ చెప్పినదానికి మార్కులేమీ పెట్టలేదేమండీ అని అడిగారు. పేదలు కొలతకు లొంగరని, ఆ విభాగాన్ని వచ్చే ఏటికి అట్టిపెట్టామని ఆయన సెలవిచ్చారు.

జూలైలో జీవ పరిరక్షణ మాసోత్సవం మొదలైంది. గర్భస్థ శిశువు ప్రాణం పవిత్రమన్న బోధనకు ఏకంగా పదిహేను మార్కులు. పరిపాలనా భవనం మీద తల్లి కడుపులో ముడుచుకున్న శిశువు బొమ్మతో పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టారు. కింద ఎడమవైపు వైస్ ఛాన్సలర్ గారు, కుడివైపు రిజిస్ట్రార్ గారు చేతులు జోడించి ఉన్నారు. వ్యాసరచన పోటీలు, ముగ్గుల పోటీలు, పాదయాత్ర జరిగాయి.

ఆ రెండో వారంలోనే ఆరోగ్యమ్మ చౌరయ్య గది వెతుక్కుంటూ వచ్చింది.

ఆమె కెమిస్ట్రీ బ్లాకులో గాజుసామాను కడిగి, గదులు ఊడ్చి, మూడో అంతస్తుకు నీళ్ళ డబ్బాలు మోసే మనిషి. భర్త మిర్చి యార్డులో హమాలీ. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు ఆమెకు కడుపు నిలిచింది. ఇప్పుడు ఆరో నెల. తలుపు మీద బోర్డు కూడబలుక్కుని చదివి, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. చౌరయ్య కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆరేళ్ళ నుంచి విశ్వాసంగా చేస్తన్నానండీ. ఒక్క సీసా పగలగొట్టలా. మీరు విశ్వాసం రాసిచ్చే ఆఫీసరంట గదా. ఆ ముక్కేదో కాగితం మీద రాసిస్తే మళ్ళీ పన్లోకి తీసుకుంటారేమోనని వచ్చా."

చేతిలో నోటీసు ఉంది. శారీరక స్థితి కారణంగా మెట్లెక్కు పనులకు అనర్హురాలైనందున ఒకటో తారీఖు నుంచి ఆమె సేవలు అవసరం లేదని మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ వాళ్ళు ఇచ్చారు. విచారిస్తే, బరువు మోయలేని మనిషిని మార్చమని రిజిస్ట్రార్ ఆఫీసు నుంచే ఫోను వెళ్ళిందని తేలింది.

చౌరయ్య ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా పన్నెండడుగుల శిశువు కనిపిస్తోంది. ఆయన ఆరోగ్యమ్మను ఇంటికి పంపి, నోటీసు పట్టుకుని రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళారు.

"ఆమె మన ఉద్యోగి కాదు మాస్టారూ, ఏజెన్సీ మనిషి" అన్నారు ఫాతిమా రెడ్డి గారు. "శ్రీసభ బోధన మన రోల్స్‌లో ఉన్నవాళ్ళకే వర్తిస్తుంది."

"మరి కడుపులో ఉన్న బిడ్డ ఎవరి రోల్స్‌లో ఉన్నట్టండీ?"

రిజిస్ట్రార్ గారికి ఆ ప్రశ్న కొత్త. నోటీసు తిరగేసి చూసి, అది కూడా ఏజెన్సీ కిందికే వస్తుందని నిర్ధారించారు.

చౌరయ్య మేడ ఎక్కి వైస్ ఛాన్సలర్ గారిని కలిశారు. ఫాదర్ స్తనిస్లాస్ గారు ఉత్సవం ముగింపు సభకు ఉపన్యాసం దిద్దుకుంటున్నారు. అంతా సావకాశంగా విన్నారు. వినటంలో ఆయనకు శిక్షణ ఉంది.

"చూడండి మాస్టారూ, మనం జీవాన్ని ఒక సిద్ధాంతంగా కాపాడుతున్నాం. వ్యక్తుల స్థాయికి దిగితే దృష్టి చెదిరిపోతుంది" అని, ఆ తల్లి కోసం మర్నాటి పూజలో ప్రార్థిస్తానని మాట ఇచ్చి పంపారు. మాట నిలబెట్టుకున్నారు కూడా.

తనిఖీ బృందానికి ఇవ్వవలసిన పత్రం ఆ వారమే అచ్చయి వచ్చింది. నలభై ఒకటో అంశం, "శ్రీసభ బోధనకు విరుద్ధంగా జరిగిన సంఘటనలు". దాని ఎదురుగా "లేవు" అని ముందే అచ్చువేసి ఉంది. కింద విశ్వాస అధికారి సంతకానికి గీత గీసి ఉంది. చౌరయ్య ఆ పత్రాన్ని ఇంటికి తీసుకెళ్ళి భార్య లూర్దమ్మకు చూపించారు. ఆరోగ్యమ్మ సంగతి చెప్పారు. ఆ "లేవు" కింద సంతకం పెట్టడానికి చెయ్యి రావటం లేదని చెప్పారు.

లూర్దమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూ అంతా విని, క్వార్టర్స్ ఖాళీ చెయ్యటానికి ఎన్నాళ్ళు గడువిస్తారని అడిగింది. నెల రోజులిస్తారేమోనన్నారు చౌరయ్య. నెల చాలులే అంది ఆమె. ఆయన "లేవు" అన్న మాట కొట్టేసి, "ఒకటి" అని రాసి, ఆరోగ్యమ్మ పేరు, తేదీ, నోటీసులోని మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించి సంతకం పెట్టారు. ఆ పూట అన్నం సహించింది.

తనిఖీ రోజు రానే వచ్చింది. ముగ్గురు సభ్యుల బృందం. వేరే బిషప్ గారి మేత్రాసనం నుంచి వచ్చిన ఫాదర్ బొనవెంతూర్ గారు దానికి పెద్ద. పొద్దున గుహలు లెక్కపెట్టారు. త్రిభుజాలను చూసి ముచ్చటపడ్డారు. మధ్యాహ్నం సభ. కార్యక్రమ పత్రంలో తొమ్మిదో అంశం "గర్భవతియైన శ్రామిక మాతకు ఆశీర్వాదం". తీరా చూస్తే నాలుగువందల పన్నెండుమంది రెగ్యులర్ సిబ్బందిలో గర్భవతి ఒక్కరూ లేరు. ఉన్న ఒక్క లైబ్రరీ ఉద్యోగినీ ముందు రోజే ప్రసవించింది. ఆ తొందరపాటుకు రిజిస్ట్రార్ గారు చాలా నొచ్చుకున్నారు. తొమ్మిదో అంశానికి రెండు మార్కులున్నాయి. వెంటనే యూనివర్సిటీ కారు ఆరోగ్యమ్మ ఇంటికి వెళ్ళింది.

కారు వచ్చిందంటే పని మళ్ళీ ఇచ్చారనుకుంది ఆమె. ఊడ్చేటప్పుడు నడుముకు చుట్టుకునే తుండుగుడ్డ కూడా సంచిలో పెట్టుకుని ఎక్కింది. తీసుకొచ్చి వేదిక మీద పూలు చుట్టిన కుర్చీలో కూర్చోబెట్టారు. పట్టుచీర ఒళ్ళో పెట్టారు. ఫాదర్ బొనవెంతూర్ గారు తల మీద చెయ్యి ఉంచి ఆశీర్వదించారు. ఆయన మంచివాడే. కార్యక్రమ పత్రంలో లేని పని ఒకటి చేశారు. మైకు ఆమె ముందు పెట్టి, ఏం కావాలో అడుగమ్మా, అందరం కలిసి ప్రార్థిద్దాం అన్నారు.

ఆరోగ్యమ్మ మైకు వంక, జనం వంక చూసింది. "నా పని నాకు ఇప్పించండయ్యా. కడుపుతో ఉన్నానని వీళ్ళే తీసేశారు" అంది.

హాలులో ఉన్న రెండువేల మందీ ఆ మాట విన్నారు. ముందు వరసలో ఉన్న చౌరయ్య కుర్చీ అంచుకు జరిగారు. ఇక దాచటం ఎవరి తరమూ కాదనుకున్నారు. ఆయన ఫాదర్ స్తనిస్లాస్ గారిని తక్కువ అంచనా వేశారు. వైస్ ఛాన్సలర్ గారు లేచి, చిరునవ్వుతో మైకు అందుకున్నారు. ఈ శ్రామిక మాత ధనం అడగలేదు, బంగారం అడగలేదు, పని అడిగింది, శ్రమయే ప్రార్థన అన్న సత్యాన్ని మన విశ్వవిద్యాలయపు వాతావరణం ఒక నిరుపేద స్త్రీ హృదయంలో కూడా ఎంత లోతుగా నాటిందో గమనించండి అన్నారు. ముందు ఒకరు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. ఆరోగ్యమ్మ ఆ చప్పట్లు తన పని కోసమేననుకుని చేతులెత్తి దండం పెట్టింది.

సభ కాగానే చౌరయ్య తన పత్రాన్ని స్వయంగా ఫాదర్ బొనవెంతూర్ గారి చేతిలో పెట్టారు. ఆయన నలభై ఒకటో అంశం దగ్గర ఆగి, కళ్ళజోడు సవరించుకుని, ఇది నిజమేనా అని అడిగారు. నిజమేనండీ, మీ ముందు ఆమె చెప్పింది కూడా ఇదేనండీ అన్నారు చౌరయ్య. పెద్దాయన ముఖం వాడిపోయింది. ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, ఏదో చెయ్యబోయేవాడిలా కనిపించారు. అంతలో భోజనానికి పిలుపు వచ్చింది.

"ఇది విచారకరమే మాస్టారూ. కానీ ఇది విశ్వాసానికి సంబంధించింది కాదు, నిర్వహణకు సంబంధించింది" అని పత్రాన్ని మడిచి తిరిగి ఇచ్చేశారు.

కారును తీసుకురావటానికే గాని దింపటానికి పురమాయించలేదట. చౌరయ్యే ఆటో పిలిచి ఆరోగ్యమ్మను ఇంటి దగ్గర దించారు. చీర ఆమె ఒళ్ళోనే ఉంది. రేపు ఎన్నింటికి రమ్మన్నారని ఆమె అడిగింది.

పదిహేను రోజులకు ఫలితం వచ్చింది. నూటికి తొంభై ఏడు. గేటు దగ్గర మేరీమాత బొమ్మ ముందు బాణసంచా కాల్చారు. తగ్గిన మూడు మార్కులు విశ్వాస అధికారి పత్రంలో కనబడిన విశ్వాసలోపం వల్ల తగ్గినట్టు నివేదికలో ఉంది. ఆ వెనకే చౌరయ్యకు ఉత్తర్వు అందింది. విశ్వాసము అన్ని శాఖలయందును సమృద్ధిగా వ్యాపించియున్నందున నైతిక విద్య అను ప్రత్యేక అంశము ఇకపై అవసరము లేదని, తత్కారణమున ఆ పోస్టు రద్దయినదని. గడువు లూర్దమ్మ అనుకున్నట్టే నెల రోజులు. గుంటూరులో రెండు గదుల ఇల్లు సూర్యనారాయణ గారు వెతికిపెట్టారు. సామాను సర్దటానికి కూడా ఆయనే వచ్చి, త్రిభుజాల సంగతి తలచుకుని సిగ్గుపడ్డారు. సరదాకి రాశానయ్యా, వీళ్ళు నిజమనుకుంటారని అనుకోలేదు అన్నారు.

ఇల్లు మారిన మూడో రోజున చౌరయ్య ఆరోగ్యమ్మను, ఆమె భర్తను వెంటబెట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్ళి అర్జీ పెట్టించారు. అర్జీకి నోటీసు నకలు జతచేశారు. తాను ఇరవై రెండేళ్ళు చెప్పిన పాఠంలోంచి, పనిచేసే తల్లికి బిడ్డను కనటం శిక్ష కాకూడదని శ్రీసభ చెప్పిన భాగం జతచేశారు. తొంభై ఏడు మార్కుల ప్రకటన వచ్చిన పేపరు ముక్క కూడా జతచేశారు. లేబర్ ఆఫీసరు షేక్ హజరా బేగం గారు అన్నీ చదివి, మీ శ్రీసభ మా చట్టం కంటే గట్టిగానే మాట్లాడిందే అని ఆశ్చర్యపోయారు.

విచారణ రోజున యూనివర్సిటీ తరఫు వకీలు నల్లకోటు సర్దుకుని జవాబు చదివారు. దాని మీద వైస్ ఛాన్సలర్ గారి సంతకం, ముద్ర ఉన్నాయి. "ప్రతివాది కేవలము ఒక విద్యా సంస్థ. శ్రీసభ బోధనలు ఈ సంస్థ నిర్వహణకు వర్తించవు. వర్తించునని సంస్థ ఎన్నడును, ఎవరికిని హామీ ఇచ్చి యుండలేదు."

హజరా బేగం గారు పేపరు ముక్కను ఒక చేత్తో, ఈ జవాబును ఒక చేత్తో పట్టుకున్నారు. తొంభై ఏడు శాతం కట్టుబడి ఉన్నామని ఇందులో ఉంది, అసలు కట్టుబడం అని అందులో ఉంది, ఏది నమ్మమంటారని వకీలును అడిగారు. సందర్భాన్ని బట్టి అన్నారు వకీలు గారు. ఆవిడ చౌరయ్య వైపు తిరిగి, విశ్వాసం చూసిన అధికారి మీరే గదా, ఈ జవాబు మీద మీరేమైనా ఆక్షేపణ చెబుతారా అన్నారు.

చౌరయ్య లేచి నిలబడ్డారు. "లేదండీ. ఇన్నేళ్ళలో మా యూనివర్సిటీ వాళ్ళు సంతకం పెట్టిన కాగితాల్లో నిజం రాసింది ఇదొక్కటే" అని కూర్చున్నారు.

ఆవిడ అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. చట్టప్రకారం ఆరోగ్యమ్మను పనిలోకి తీసుకోవాలి, ప్రసవం సెలవు ఇవ్వాలి, తిరిగి వచ్చాక మెట్లు లేని పని చూపించాలి. చట్టానికి మార్కులు లేవు గనక యూనివర్సిటీ వాళ్ళు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

వరండాలోకి వచ్చాక భర్త మంచినీళ్ళు తేవటానికి వెళ్ళాడు. ఆరోగ్యమ్మ గోడకు చేరబడి, పని వచ్చిందన్నది అర్థమైంది గాని ఆ నల్లకోటాయన చదివిందేమిటో తెలియలేదంది. శ్రీసభ మాట మాకు వర్తించదు, వర్తిస్తుందని మేమెవరికీ చెప్పలేదు అని రాసిచ్చారమ్మా అని చౌరయ్య విడమరిచి చెప్పారు.

ఆమె కోపం తెచ్చుకోలేదు.

"ఆ ముక్కేదో గేటు మీదే రాయిస్తే సరిపోయేదిగా అయ్యగారూ. మాబోటోళ్ళం మేరీమాత బొమ్మ చూసి ఆశపడి లోపలికి రాకుండా ఉండేవాళ్ళం."